కారుచున్న కార్బురేటరు – కావలి లేని ఉమ్మడి యంత్రము

ఉమ్మడి యంత్రము పాడైనదని సంఘములకు వచ్చు ఫిర్యాదులలో అధికభాగము యంత్రదోషములు కావనియు, అవి మన వాడుకయందలి దోషములనియు మేము నమ్మియున్నాము. పాత పెట్రోలు ట్రాక్టరు కార్బురేటరు పొంగుట ఇందులకు మంచి నిదర్శనము. తొలకరి కురిసినది, చెలక పదునుమీద నున్నది, యంత్రము మాత్రము కదలదు, దాని ప్రక్కనుండి పెట్రోలు బొట్లుబొట్లుగా నేలపై పడుచుండును. చుట్టును చేరినవారిలో నొకరు ముసలి యంత్రమును తూకమునకు అమ్మివేయుడందురు. వేరొకరు కార్బురేటరు మొత్తము మార్చవలెనందురు. మూడవవారు పానా తీసికొని కంటికి కనబడిన మరలనెల్ల త్రిప్పుదురు. మువ్వురును తొందరపడుచున్నారు. ఇంత గొడవకు మూలము పెక్కుసార్లు ఆవగింజలో అరువదవ వంతు నలుసు. ఆ నలుసునకు దారి యిచ్చినది మన అశ్రద్ధ. ఈ విషయమును సభ్యులకు విశదపరచి, సంఘములు చేయదగిన పని యేమో చెప్పుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

కార్బురేటరు గల ట్రాక్టరు నేడు ఇబ్రహీంపట్నము ప్రాంతమున అరుదు. 1959వ సంవత్సరమున ఫరీదాబాదులో ఐషరువారు మన దేశపు తొలి ట్రాక్టరును నిర్మించిరి. 1960లో మద్రాసున టాఫే సంస్థ యేర్పడినది. అది మొదలు మన పొలములకు వచ్చినవన్నియు దాదాపుగా డీజిలు యంత్రములే. డీజిలు యంత్రమునకు కార్బురేటరు ఉండదు. పంపు ఒకటి నూనెను సన్నని రంధ్రములగుండ సిలిండరులోనికి చిమ్మును. అంతకు ముందు విదేశములందు తయారైన ట్రాక్టరులలో పెట్రోలుతోను కిరసనాయిలుతోను నడచునవి పెక్కులు గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది బూడిదరంగు గల చిన్న ఫెర్గుసను టి.ఇ. 20. ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణమున 1946 మొదలు 1956 వరకు ఈ జాతి యంత్రములు 5 లక్షలకు పైగా తయారైనవి. 1953లో ఫెర్గుసను సంస్థ మాసీ హారిసు సంస్థతో కలిసినది. మన గ్రామములలో నేడు దుక్కి దున్నుచున్న మాసీ ట్రాక్టరులకు ఆ చిన్న యంత్రము పూర్వీకురాలనవచ్చును.

ఇట్టి పాత ట్రాక్టరు తమయొద్ద లేదని సభ్యులు ఈ పుటను త్రిప్పివేయవలదు. వరుసల నడుమ కలుపు తీయు చిన్న పెట్రోలు యంత్రము, బావికడ నుంచు కిరసనాయిలు ఇంజను, వీపున మోయు మందు చల్లు యంత్రములలో కొన్ని – వీనికెల్ల బెండు గల కార్బురేటరే ప్రాణము. పాత ఫెర్గుసనునకు వచ్చు జబ్బే వీనికిని వచ్చును, మందు నదియే.

కార్బురేటరు పని తెలిసికొనుటకు మన రైతునకు పుస్తకము అక్కరలేదు; చెరువు చాలును. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలమునాటిదని పేరుబడసిన మన పెద్దచెరువును తలచుకొనుడు. చెరువులో నీరెంత యున్నను పొలమునకు కావలసినంతయే తూము గుండ విడువవలెను. అందులకు పూర్వము గ్రామమున నీరటికాడు ఉండెడివాడు. పొలము నిండగానే వాడు తూము మూయును, ఎండగానే తీయును. ట్రాక్టరునందు మూతక్రింద ఎత్తుగానున్న పెట్రోలు తొట్టి చెరువు. కార్బురేటరు నడుగున నున్న చిన్న గిన్నె పొలము. ఆ గిన్నెలో తేలు బెండు నీరటికాడు. దానిపై నున్న సన్నని సూది తూము బిరడా. గిన్నెలో పెట్రోలు తగిన మట్టమునకు రాగానే బెండు పైకి లేచి సూదిని దాని సీటులోనికి నొక్కును, ధార ఆగును. యంత్రము పెట్రోలును పీల్చుకొనిన కొలది బెండు దిగును, సూది దిగును, ధార మరల వచ్చును. ఎవరును చేయి పెట్టనక్కరలేదు. తూములో రాయి యిరుకుకొనినచో నీరటికాడెంత బలవంతుడైనను మూయలేడు. పొలము గట్టు తెగును. కార్బురేటరు పొంగుట యనగా నింతియే.

కారుట చూడగానే విప్పుటకు పూనుకొనరాదు. ఎప్పుడు కారుచున్నదో మొదట కనిపెట్టవలెను. యంత్రమును ఆపి, కార్బురేటరును గుడ్డతో తుడిచి, చోకును ముట్టక, పెట్రోలు కుళాయి మాత్రము తెరచి అయిదు నిమిషములు చూడవలెను. ఆ స్థితిలో బొట్లు పడుచు ఆగకుండెనేని దోషము సూదియందో బెండుయందో కలదు. అట్లు గాక, చోకు మూసి పలుమారు త్రిప్పిన తరువాతనే కారి, కొంతసేపటికి తానే ఆగిపోయినచో కార్బురేటరు నిర్దోషి. చోకును అతిగా వాడిన చేతిదే దోషము. ఫెర్గుసనునందు గాలి క్రిందినుండి పైకి పోవును గనుక, సిలిండరులు పీల్చుకొనని పెట్రోలు వెనుకకు జారి గాలి ముఖమునుండి పడును. ఇక నేలమీద బొట్టు పడకయే నల్లని పొగ వచ్చుచు, ప్లగ్గులకు మసి పట్టుచుండినచో, చోకు పూర్తిగా తెరచుకొనుచున్నదో లేదో, గాలి వడపోత దుమ్ముతో మూసికొనిపోయినదో చూడవలెను. ఈ మూడింటిని వేరుచేయక చేయు మరమ్మతు, జ్వరమో అజీర్ణమో తెలియక ఇచ్చు మందువంటిది.

అన్నింటికన్న ముందు చేయవలసినది కుళాయి కట్టుట. ఇది చిన్న మాటవలె తోచును గాని ప్రాణము దీనిమీదనే యున్నది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక కొట్టపు నేలమీదను గుంటలలోను ప్రాకి నిలుచును. పది అడుగుల దూరమున వెలిగించిన బీడీయైనను దానిని అంటించగలదు. కార్బురేటరునకు సమీపముననే పొగ వెడలు గొట్టము కాలి యుండును. కావున కుళాయి కట్టి, స్విచ్చి తీసివేసి, బాటరీ తీగ నొకదానిని విప్పి, పిల్లలను దూరముగా పంపి, యంత్రమును కొట్టమునుండి బయటికి నెట్టి, కారిన పెట్రోలు ఆరిపోవువరకు ఆగవలెను. ప్రక్కన పొడి ఇసుక యుండవలెను. పెట్రోలు మంటపై నీరు పోసినచో మంట నీటిమీద తేలి వ్యాపించునేగాని ఆరదు. రాత్రివేళ లాంతరు పట్టుకొని కార్బురేటరు విప్పుట ఎంతటి తొందరయందైనను చేయదగిన పని కాదు. ఒక్క పూట దుక్కి పోయినను మరల దొరకును.

కుళాయి కట్టిన పిదప స్క్రూడ్రైవరు కర్రపిడితో గిన్నెను రెండుమూడుసార్లు మెల్లగా తట్టి చూడవచ్చును. నలుసు జారిపోయి సూది కుదురుకొనిన కారుట ఆగును. ఇది తాత్కాలికోపాయము మాత్రమే. జారిన నలుసు గిన్నెయడుగుననే యున్నది. వెనుక తొట్టిలో దాని బంధువులు పెక్కుమంది గలరు. రెండవసారి కారినచో విప్పితీరవలెను. సుత్తితో కొట్టుట ఎన్నడును కూడదు, కార్బురేటరు పోతపోసిన మెత్తని లోహము, పగిలిన అతుకదు.

విప్పునపుడు శుభ్రమైన పళ్లెమున తెల్లగుడ్డ పరచి, తీసిన భాగమును తీసిన వరుసలోనే దానిపై పెట్టవలెను. గిన్నెయడుగున నున్నదేమో చూచుట మొదటి పని. ఎర్రని పొడి యున్నచో తొట్టి త్రుప్పుపట్టినది. ముత్యములవలె వేరుగా దొరలు బొట్లున్నచో అది నీరు. మైనమువలె అంటుకొను జిగురున్నచో పెట్రోలు నెలల తరబడి నిలువయైనది. యంత్రము తన రోగమును తానే చెప్పుచున్నది. కడిగి పారవేయుటకు ముందు వినవలెను.

తరువాత బెండు. ఇత్తడి బెండును చెవికడ ఊపిన లోపల పెట్రోలు చప్పుడైనచో దానికి చిల్లి పడినది. మునిగిన నీరటికాడు తూము మూయడు. చిల్లి యెచ్చటనో తెలియనిచో వేడినీటిలో ముంచిన బుడగలు వచ్చు చోటు కనబడును. ఆ నీటిని పొయ్యిమీదనుండి దించి దూరముగా తెచ్చిన పిదపనే ముంచవలెను. మాటు వేయించునపుడు రెండు జాగ్రత్తలు కావలెను. లోపలి పెట్రోలు పూర్తిగా పోనిదే నిప్పు చూపరాదు, అది పేలును. మాటు పలుచగా నుండవలెను. బరువెక్కిన బెండు ఆలస్యముగా లేచును, గిన్నెలో మట్టము పెరుగును, మరల కారుట మొదలగును. కొత్తది దొరకునప్పుడు కొత్తదియే మేలు.

పిమ్మట సూది. దాని మొనను వెలుతురులో భూతద్దముతో చూడవలెను. మొనచుట్టును గాజువలె మెరయు గీత పడియున్నచో అది అరిగినది. ఉప్పుకాగితముతో రుద్ది సరిచేయజూచువారు గలరు. రుద్దిన సూది గుండ్రదనము పోయి ముందుకంటె ఎక్కువ కార్చును. సూదిని, సీటును జతగా మార్చవలెను. పాత సీటులో కొత్త సూది, పాత కాడికి కొత్త ఎద్దువలె, కుదురదు. సీటు క్రింద నుండు పలుచని వాషరును తేలికగా చూడరాదు. ఫెర్గుసనుకు వేసిన జెనిత్ కార్బురేటరులో గిన్నెలోని మట్టమును నిర్ణయించునది ఆ వాషరు మందమే. చేతికి దొరకిన మందపు వాషరు వేసినచో కొత్త సూది వేసినను ఫలితము చెడును. జెట్లలోని సన్నని రంధ్రములను తీగతో పొడువక, పెట్రోలుతో కడిగి గాలిపంపుతో ఊదవలెను. తీగ రంధ్రమును పెద్దదిగా చేయును, ఆ తప్పు తిరిగి దిద్దుటకు వీలుపడదు.

ఇచ్చట మేము గట్టిగా చెప్పవలసిన మాట యొకటి కలదు. గాలి, పెట్రోలు పాళ్లు సరిచేయు మరలకును గిన్నె పొంగుటకును సంబంధము లేదు. తూము మూతపడనపుడు కాలువ మళ్లు సవరించి యేమి ప్రయోజనము? ఆ మరలను త్రిప్పినవాడు ఒక దోషమును రెండు చేసినవాడగును. పెట్రోలు పై తొట్టినుండి తన బరువుచేతనే దిగునట్లు నిర్మించిన యంత్రమునకు కరెంటు పంపు తగిలించుటయు ఇట్టిదే. ఆ పంపు త్రోపుడునకు ఆ సూది నిలువదు.

చోకు విషయమున యువకులకు హితవు చెప్పవలసియున్నది. చల్లని యంత్రమునకే చోకు. వేడెక్కిన యంత్రమునకు అక్కరలేదు. పెట్రోలులో మునిగిన యంత్రమును బ్రతికించుటకు మరింత చోకు వేయుట, మునిగినవానికి నీరు త్రాపుటవంటిది. కారిన పెట్రోలు ఆరిన పిదప చోకు పూర్తిగా తెరచి, స్విచ్చి వేయక కొన్ని చుట్లు త్రిప్పి, ప్లగ్గులు తీసి తుడిచి, ఆరబెట్టి బిగించినచో యంత్రము మరల పలుకును. 1949లో వచ్చిన కిరసనాయిలు ఫెర్గుసనునకును, మన బావులకడ నుండు కిరసనాయిలు ఇంజనులకును వేరొక నియమము కలదు. ఇవి పెట్రోలుతో బయలుదేరి, వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మారునవి. ఆపుటకు ముందు గిన్నెలోని కిరసనాయిలు ఖర్చగునట్లు మరల పెట్రోలుతో కొంతసేపు నడపవలెను. సాయంకాలము ఈ పని మరచినచో ఉదయము చల్లని కిరసనాయిలు అంటుకొనదు, చోకుమీద చోకు వేయుదురు, యంత్రము మునుగును, నింద కార్బురేటరునకు వచ్చును. మండని నూనె సిలిండరు గోడలమీదుగా అడుగునకు దిగి ఇంజను నూనెను పలుచన చేయును. కొలతకడ్డీపై నూనె మట్టము పెరిగినను, పెట్రోలు వాసన కొట్టినను, ఆ నూనె మార్చక యంత్రమును పనిలో పెట్టరాదు. పలుచని నూనెతో నడచిన బేరింగులు నశించును. అప్పుడగు ఖర్చు సూది ఖర్చువంటిది కాదు.

ఇన్ని దోషములకును ఊట యొకటి కలదు; అది పెట్రోలు పోయు చేయి. మందు కలిపిన డబ్బా, మట్టి చేతులు, మూత లేని సీసా – వీనినుండి పోసిన పెట్రోలులో దుమ్ము, నీరు తప్పక యుండును. నీరు పెట్రోలుకంటె బరువు గనుక తొట్టియడుగునకు చేరి, అక్కడనుండియే కుళాయిగుండ మొదట దిగును. కుళాయిక్రింద గాజుగిన్నె యున్న యంత్రములలో దానిని వారమున కొకసారి విప్పి కడుగవలెను. పోయునపుడు సన్నని జల్లెడ గల గరాటు వాడవలెను. ఇంత చేసినవానికి ఈ వ్యాసములో మిగిలిన భాగము అవసరముపడుట అరుదు.

ఈ కాలమున నింకొక సంగతి చేరినది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. చెరకు, మొక్కజొన్న, నూకలనుండి ఇథనాలు తయారగుచున్నది గనుక ఇది రైతునకు బేరము తెచ్చు పని; దానిని మేము నిందింపము. కాని పాత యంత్రము ఈ పెట్రోలును ఎరుగదు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. తొట్టిగోడలకు ఏండ్లుగా పట్టిన మురికిని కరగించి క్రిందికి తెచ్చును. పాత రబ్బరు గొట్టములను, ప్యాకింగులను ఉబ్బించి చెడగొట్టును. కొన్ని మిక్కిలి పాత కార్బురేటరులలో బెండు చెక్కబెరడుతో చేసి లక్కపూత పూసియుందురు. ఇథనాలు ఆ పూతను కరగించును, బెరడు పెట్రోలు త్రాగి మునుగును. కావున పాత యంత్రము గలవారు ఇథనాలునకు ఆగు గొట్టములను, ప్యాకింగులను వేయించుకొనవలెను. పని లేని నెలలలో తొట్టిని, గిన్నెను ఖాళీచేసి ఉంచవలెను.

డీజిలు ట్రాక్టరు బాడుగకు దొరకుచుండగా ఈ పాత యంత్రముల బాధ మన కెందుకని అడుగువారు గలరు. ప్రశ్న న్యాయమైనదే. పెద్ద దుక్కికి పాత పెట్రోలు ట్రాక్టరును కొత్తగా కొనుమని మేము ఎవరికిని చెప్పము. పెట్రోలు ఖర్చు రైతు భరింపలేడు. కాని ఉన్న యంత్రమును నలుసుకొరకు తూకమునకు అమ్ముట వేరు, కొనకుండుట వేరు. పైగా ట్రాక్టరును వదలిపెట్టినను కలుపు యంత్రమును, మందు యంత్రమును వదలలేము. మన ఎర్రచెలకలు తడిని చాలకాలము నిలుపుకొనవు. వాన వెలిసిన కొద్ది దినములలోనే పదును పోవును. ఆ దినములలో యంత్రము పట్టణపు మరమ్మతు అంగడిలో పడియున్నచో, విత్తనము గాదెలోను, కలుపు చేనులోను ఉండును. నష్టము లెక్కించునపుడు మెకానికునకు ఇచ్చిన రూకలను మాత్రమే లెక్కించుట మన అలవాటు. పోయిన పదునును ఎవరును లెక్కింపరు.

ఇప్పుడు సంఘముల మాట. సొంత ఎద్దును సాయంకాలము నీరు పెట్టక, మేత వేయక కట్టివేయు రైతు లేడు. సంఘపు యంత్రమును మాత్రము కుళాయి తెరచియే వదలి పోవువారు కనబడుచున్నారు. పదిమందిలో పాము చావదని పెద్దలన్నది ఇట్టి సందర్భముననే. 1844లో రాచ్‌డేలు పనివారు మొదలుగా, 1904లో మన దేశమున సహకార చట్టము వచ్చిన పిదపను, సహకారమనగా సొమ్ము కలుపుటయని మాత్రమే పలువురు భావించిరి. సొమ్ము కలుపుట సులభము. జాగ్రత్త కలుపుట కష్టము. జాగ్రత్త కలియని చోట కలిపిన సొమ్ము కారిన పెట్రోలువలె నేలపాలగును.

మా సలహా మూడు మాటలు. మొదటిది, ప్రతి సంఘమును తన యంత్రములకు ఒక్క కావలివానిని నియమించి, వానికి తగిన జీతమిచ్చి, వాని యనుమతి లేనిదే ఎవరును మర త్రిప్పరాదని తీర్మానింపవలెను. చెరువునకు నీరటికాడున్నట్లు యంత్రమునకును ఒకడు ఉండవలెను. రెండవది, ఒక నోటుపుస్తకము. ఎవరు తీసికొనిపోయిరి, ఏ డబ్బానుండి పెట్రోలు పోసిరి, తెచ్చి ఇచ్చునపుడు కుళాయి కట్టియున్నదా, కారుట ఎప్పుడు మొదలైనది – ఇవి నాలుగు పంక్తులలో వ్రాయవలెను. దోషము వచ్చినపుడు వాదములు పెట్టుకొనుటకు బదులు పుస్తకము విప్పవచ్చును. మూడవది, ఒక చిన్న పెట్టెలో సూది–సీటు జత, సరియైన మందపు వాషరులు, ప్యాకింగులు, జల్లెడ గరాటు, భూతద్దము ఉంచవలెను. వీనిని ముందుగా తెప్పించి యుంచినచో ఏరువాకనాడు అంగడిచుట్టు తిరుగనక్కరలేదు.

కొన్ని సంఘములు కుళాయి మరచినవానికి జరిమానా వేయదలచినట్లు మాకు తెలిసినది. జరిమానా వలన తప్పును దాచుట నేర్చుకొందురేగాని కుళాయి కట్టుట నేర్చుకొనరని మా తలంపు. అంతకంటె రోహిణీకార్తెకు ముందు ఒక దినమున సభ్యులను పిలిచి, కావలివానిచేత కార్బురేటరును అందరియెదుట విప్పించి, కడిగించి, బిగించి చూపించుట మేలు. తన చేతితో సూదిని పట్టి చూచినవాడు దాని విలువ మరువడు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి తీర్మానింపుమని సంఘముల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుచున్నాము. అంతవరకు ప్రతి సభ్యుడును ఈ సాయంకాలమే చేయగల పని యొకటి యున్నది: యంత్రము ఆపిన వెంటనే పెట్రోలు కుళాయి కట్టి, కట్టినదో లేదో మరియొకసారి చూచి, పిదప ఇంటికి పోవలెను.